ఏటికి అవతలి బొమ్మ

కిందటివారం కథ చదివినవాళ్ళకు నాగలత అవస్థ గుర్తుండే ఉంటుంది. మద్దులగుంపు ఊరంతా బడిలో టీవీ ముందు చేరింది. నాగలత తయారుచేసి తెచ్చిన డిస్కు ఇంకా ఆడుతుండగానే ముత్తక్క కొంగు దులుపుకుని లేచి వెళ్ళిపోయింది. భద్రయ్య తాత మాత్రం చివరిదాకా కూర్చుని, "వీళ్ళు మా మనుషులు కాదు బిడ్డా" అని మెల్లగా అన్నాడు. తిట్టినా బాగుండేది. ఆ మెత్తని మాట మోసుకుని నాగలత ఏన్కూరు వచ్చి పడింది.

చదవనివాళ్ళు కంగారు పడక్కర్లేదు, నాలుగు ముక్కల్లో అందుకోవచ్చు. మద్దులగుంపు ఏన్కూరుకు అడవి వైపున్న కోయ గూడెం. ఆ ఊరి ఇళ్ళ పుట్టుపూర్వోత్తరాలన్నీ ఒక పాత గుడ్డ మీద ఉన్నాయి. దాన్ని పడిగె అంటారు. బొటనవేలంత బొమ్మలు, రంగుగుడ్డలు కత్తిరించి వరసలు వరసలుగా కుట్టినవి. భద్రయ్య ఒక్కో బొమ్మ మీదా వేలు పెట్టి, ఎవరు ఎవరికి పుట్టారో, ఎవరికి ఎవరు అన్నదమ్ములో పాటగా చెప్తాడు. గుడ్డ మడతల దగ్గర చిట్లిపోతోంది, ఇంకోసారి విప్పితే పీలికలే మిగులుతాయి. అందుకని ఆఖరిసారి విప్పిన రోజున, పెళ్ళి వీడియోలు తీసే నాగలతను పిలిచి వీడియో తీయించారు.

పిలిచేటప్పుడే పెద్దలు ఒక షరతు పెట్టారు. వీడియో ఫోన్లలోకి పోకూడదు. ఫోన్లోకి పోయింది ఎవరి చేతికి పోతుందో ఎవరికీ తెలియదు. పడిగెను ఇప్పపూలు పెట్టి మొక్కకుండా విప్పరు, భద్రయ్య లేకుండా అసలే విప్పరు. వీడియో కూడా అంతే. ఒకే ఒక్క డిస్కులో, ఆ గుడ్డతో పాటు అదే మూటలో, అదే అటక మీద ఉండాలి.

ఇదంతా ఒక పెళ్ళి కోసమే ఇంత తొందరగా చేయాల్సి వచ్చింది. ముత్తక్క మనవరాలు దుర్గ ఆ ఊరి అంగన్‌వాడీలో పనిచేస్తుంది. కొత్తగూడెంలో లారీ నడిపే గణేష్‌ను చేసుకోవాలని ఆమె ఆశ. గణేష్‌దీ ఆ ఊరే. కానీ పాట ప్రకారం రెండిళ్ళవాళ్ళూ అన్నదమ్ముల వరస, అంటే దుర్గకు గణేష్ అన్న అవుతాడు. ఆ పాటే తప్పంటుంది ముత్తక్క. గణేష్ వాళ్ళ మూలపురుషుడు విల్లు పట్టుకున్న మనిషి, పడిగె మీద అతను ఏటికి అవతల ఉంటాడని తన తల్లి చెప్పిందట. అవతల ఉంటే పరాయివాడు, పిల్లనివ్వొచ్చు. ఇవతల ఉంటే పెళ్ళి మాటే లేదు. వచ్చే కొలుపులో, అంటే ఊరి దేవతల జాతరలో, డిస్కు చూసి తేల్చేద్దామని పెద్దలు అనుకున్నారు. ముందుగా బడిలో వేసి చూస్తే, నాగలత డిస్కులో ఏరు లేదు, విల్లు లేదు, మనిషీ లేడు. అన్నీ కలిసిపోయి తడిసిన ముగ్గులా కనిపించాయి. కొలుపు ఇంకో వారంలోకి వచ్చేసింది.

ఇక ఈ వారం కథలోకి వద్దాం.

తప్పెక్కడ జరిగిందో నాగలతకు వెంటనే తెలియలేదు. కెమెరా మంచిది, తీసిన చేయి మంచిది, మబ్బు పట్టని రోజు చూసి తీసింది. లాప్‌టాప్ తెరిచి చేసిన పనినే మొదటినుంచి తిరగేస్తూ పోతే, ఒకచోట ఆమె చేయి ఆగిపోయింది. పెళ్ళి వీడియోలకు ఒక అలవాటు ఉంది. క్లిప్పులు లోపలికి దించగానే అన్నింటి మీదా గ్లో వేసేస్తారు. పెళ్ళికూతురి మొటిమలు, పెళ్ళికొడుకు తండ్రి ముడతలు, అన్నీ పాలు పూసినట్టు నున్నగా అయిపోతాయి. ఏన్కూరు నుంచి వైరా దాకా ఏ స్టూడియోలో చూసినా ఇదే వంట. నాగలత చేయి ఆమెను అడక్కుండానే పడిగె మీద కూడా గ్లో వేసేసింది. ముడతలనుకుని తాతముత్తాతలనే చెరిపేసింది. అది చాలదన్నట్టు, పెళ్ళి డిస్కుల్లాగే మామూలు డీవీడీలో కుదించి కొట్టింది. పెళ్ళిలో ముఖాలు పెద్దవిగా ఉంటాయి కాబట్టి అది చెల్లిపోతుంది. బొటనవేలంత మనుషులకు ఎలా చెల్లుతుంది?

ఆమెకు ముందు సిగ్గేసింది, తర్వాత నవ్వొచ్చింది, ఆ తర్వాత దుర్గ గుర్తొచ్చి ఏడుపొచ్చింది. వరసగా మూడూ అయ్యాక ముఖం కడుక్కుని పనిలో కూర్చుంది.

దుర్గకు ఫోన్ చేసి ఒక దారి చెప్పి చూసింది. గ్లో తీసేశాను, అసలు వీడియో అద్దంలా ఉంది, వచ్చి నా పక్కన కూర్చో, లాప్‌టాప్‌లో పెద్దది చేసి ఇప్పుడే చూసేద్దాం అంది. విల్లు పట్టుకున్నవాళ్ళు ఆ గుడ్డ మీద ఎందరో ఉన్నారు, అందులో గణేష్ వాళ్ళ మనిషెవరో నాగలతకు తెలియదు. దుర్గకు ఆశ లేదని కాదు.

"వద్దక్కా. తాత లేకుండ జూస్తే దొంగతనం జేసినట్టు. అట్ల జూసిన్దాన్ని మా ఊళ్ళె ఎవ్వరూ ఒప్పుకోరు. నేనూ ఒప్పుకోను" అంది.

అంటే మిగిలింది ఒకటే దారి. తీసినంత స్పష్టంగా చూపించే డిస్కు కావాలి. అది బ్లూరే, డీవీడీ కంటే ఎన్నో రెట్లు పట్టేది. పెన్‌డ్రైవ్‌లో వేసుకుని టీవీకి గుచ్చేసే ఈ రోజుల్లో బ్లూరే డిస్కు రాసేవాళ్ళు ఎవరున్నారు? కొత్తగూడెంలో కోటేష్ అనే స్టూడియో ఆయన దగ్గర రైటరు ఒకటి ఉంది. పెన్‌డ్రైవ్‌లు వచ్చాక దాన్ని ముట్టుకున్నవాడు లేడు. ఎప్పుడో తెప్పించిన ఖాళీ డిస్కులు కూడా కొన్ని సీలు విప్పకుండా ఉన్నాయి. నాగలత అడగ్గానే దుమ్ము దులిపి ఇచ్చేశాడు. ఇన్నాళ్ళకు దీని పేరు ఎత్తిన మనిషి కనపడ్డందుకు ఆయనే సంతోషించాడు.

రైటరు దొరికింది సరే, రాసింది ఆడించే ప్లేయరో? మద్దులగుంపు బడిలో ఉన్నది మామూలు డీవీడీ ప్లేయరు. బ్లూరే ప్లేయరు నాగలత ఎరిగినంతలో ఒక్కటే ఉంది. అది ఆమె ఇంట్లోనే, హాల్లో, అత్తగారు నిర్మలాదేవి అల్లిన లేసు గుడ్డ కింద, దేవుడి పటం మోస్తూ ఉంది. మామగారు వెంకటరామారావు ఎప్పుడో ముచ్చటపడి కొన్నారు. ఆయన మిరపతోట సంగతుల్లో పడి దాన్ని మరచిపోయారు గానీ, నిర్మలాదేవి మరచిపోలేదు. అది తన హాలుకు అందమని ఆమె నమ్మకం. కోడలు విషయం చెప్పి, ప్లేయరు ఒక్క వారం ఆ ఊరికి పోవాలి అనేసరికి, అత్తగారు కళ్ళజోడు పైకి తోసుకుని వివరాలు అడగడం మొదలుపెట్టింది. ఎవరా పిల్ల, ఎవరా పిల్లాడు, గుడ్డ మీద ఎందరి బొమ్మలున్నాయి, ఎన్ని తరాలు చెప్తాడా పెద్దాయన. నాగలత తెలిసినంత చెప్పింది.

"మా నాన్నగారు కృష్ణ అవతల నుంచి ఇక్కడికి పొలాలు కొనుక్కుని వచ్చారు. ఆయన తండ్రి పేరు నాకు తెలుసు. ఆయన తండ్రి పేరు అడిగితే మా ఇంట్లో ఒక్కరికీ తెలీదు" అంది నిర్మలాదేవి. తానే లేచి పటం తీసి పక్కన పెట్టింది.

ఇక డిస్కు పని. ఇది తెలిసినవాళ్ళకు చిటికె, తెలియనివాళ్ళకు చీకట్లో సూది ఎక్కించడం. పడిగె వీడియో పెట్టి పరీక్ష చేస్తే షరతు తప్పినట్టవుతుంది కాబట్టి, నాగలత ఒక పెళ్ళి ముక్క తీసుకుంది. నిర్మలాదేవి మేనకోడలి పెళ్ళి అది. చెరిపి మళ్ళీ రాసుకునే డిస్కు ఒకటి పెట్టి, వీడియో ఫైలును ఉన్నపళంగా దాని మీదికి ఎక్కించింది. లాప్‌టాప్‌లో బ్రహ్మాండంగా ఆడింది. ప్లేయరులో పెడితే అది గిర్రున తిరిగి, లోపల ఏమీ లేదని చెప్పి డిస్కును బయటికి నెట్టేసింది. అప్పుడు అర్థమైంది, ప్లేయరుకు ఫైలు ఇస్తే చాలదని. తలుపెక్కడ, మెట్లెక్కడ, ఏ గదిలో బొమ్మ ఉంది, ఏ గదిలో మాట ఉంది అన్నీ అది మెచ్చే పద్ధతిలో సర్ది ఇవ్వాలి. దానికి వేరే సాఫ్ట్‌వేర్ కావాలి. వెతికి దించుకుంది.

రెండోసారి డిస్కు ఆడింది. ఆడింది కానీ, మేనకోడలు పీటల మీద కూర్చోవడానికి బదులు పీటల మీద గెంతుతూ కనిపించింది. నిర్మలాదేవికి నవ్వాగలేదు. ఆ పిల్ల నిజంగానే అంత కుదురులేనిదని ఒక మాట కూడా అనేసింది. నాగలత కెమెరా సెట్టింగులు తీసి చూసుకుంది. నిదానంగా నడిపించే షాట్లకు పనికొస్తుందని పెళ్ళిళ్ళవాళ్ళంతా సెకనుకు యాభై ఫ్రేములు పెట్టి తీస్తారు. ఆమె కెమెరా కూడా ఎప్పుడూ అక్కడే ఉంటుంది. ఈ డిస్కు పద్ధతిలో అంత నిండు బొమ్మలు సెకనుకు అన్ని పట్టవు, సగం చాలు. సగానికి తగ్గించి మళ్ళీ రాసింది. ఈసారి మేనకోడలు బుద్ధిగా కూర్చుంది. పట్టుచీర జరీ పోగులు కూడా లెక్కపెట్టేలా కనిపించాయి.

అప్పుడు తీసింది అసలు డిస్కు. ఇది చెరిపేది కాదు, ఒక్కసారి రాస్తే రాసినట్టే. ఊరివాళ్ళు అడిగిందీ అదే. రేపు ఎవరికో నచ్చలేదని ఒక ఇంటిని తీసేయకూడదు, ఒక ఇంటిని కలపకూడదు. నాగలత పడిగె వీడియోను ఎక్కడా కత్తిరించకుండా, రంగు ముట్టుకోకుండా, అన్నిటికంటే నిదానపు స్పీడు పెట్టి రాయించింది. అది రాస్తున్నంతసేపూ ఇంట్లో మోటారు వేయొద్దని, మిక్సీ వేయొద్దని నిర్మలాదేవి అందరినీ కట్టడి చేసింది. కరెంటు దయతలచింది.

మర్నాడు పొద్దున బస్సుకు భద్రయ్య, దుర్గ వచ్చారు. ఊరికి తీసుకుపోయే ముందు ఒకసారి ఆడించి చూసుకోవాలంటే భద్రయ్య ఉండి తీరాలి కదా, అందుకని నాగలతే పిలిచింది. ముత్తక్క రాలేదు. ఏటి సంగతి తేలాకే టీవీ ముఖం చూస్తానందట.

భద్రయ్యకు కుర్చీ వేస్తే కూర్చోలేదు. టీవీ ముందు కింద కూర్చుని, తువ్వాలు మూట విప్పి, ప్లేయరు ముందు ఆకు పరిచి ఇప్పపూలు పోశాడు. కళ్ళు మూసుకుని వాళ్ళ భాషలో ఏదో మొక్కుకున్నాడు. నిర్మలాదేవి వంటింటి గుమ్మంలోనే ఆగిపోయి, తెలియకుండానే చేతులు జోడించింది. తన ఇంట్లో ఇంతకాలం పటం మోసిన పెట్టెకు ఇవాళ పూలు పెట్టడం ఆమెకు వింతగానూ ఉంది, ఎందుకో గర్వంగానూ ఉంది.

డిస్కు తిరిగింది. బొమ్మ వచ్చింది.

దుర్గ నోటి నుంచి చిన్న శబ్దం వచ్చింది. గుడ్డ నేత కనిపిస్తోంది. పసుపు మరకలు, దీపం పొగ పట్టిన అంచులు, బొమ్మల చేతుల్లో గొడ్డళ్ళు, సొరకాయ బుర్రలు, ఒక తల్లి చంకలో బిడ్డ, ఆ బిడ్డకు రెండు చుక్కల కళ్ళు, అన్నీ ఉన్నాయి. భద్రయ్య చూపు ఈమధ్య మందగించింది. చాలాకాలంగా గుడ్డను వేలితో తడిమే చదువుతున్నాడన్న సంగతి ఊళ్ళో చాలామందికి తెలియదు. ఇప్పుడు గోడంత తెర మీద తన వాళ్ళను ఒక్కొక్కరినే చూస్తూ, పేర్లు పెదాల మీదే అనుకుంటూ, చెంపల మీదికి కారుతున్న నీళ్ళు తుడుచుకోకుండా కూర్చున్నాడు. నాగలతకు ఆ క్షణాన ఎంతో సంతోషం కలిగింది. ఇన్నేళ్ళలో ఏ పెళ్ళివాళ్ళూ ఆమె వీడియో అలా చూడలేదు.

తెర మీది భద్రయ్య వేలు మూడో వరస దాటి నాలుగో వరసకు వచ్చింది. అడ్డంగా నీలంగుడ్డ పాయ, వంకర్లు తిరుగుతూ. అదే ఏరు. వేలు ఒక బొమ్మ మీద ఆగింది, పాటలో గణేష్ వాళ్ళ ఇంటిపేరు వినిపించింది, వేలు పక్కకు జరిగింది. నాగలత రిమోటు నొక్కి బొమ్మను ఆపింది.

విల్లు పట్టుకున్న మనిషి ఏటికి అవతల ఉన్నాడు. అనుమానానికి చోటే లేదు.

దుర్గ ఫోన్ తీసి, గణేష్‌కు ఒక్క మాట రాసి పంపింది. అవతలే అని. పంపాక నాగలత చేయి పట్టుకుని వదల్లేదు. ముత్తక్క చెప్పిందే నిజమని, పాటలోనే ఎక్కడో తేడా పడి ఉంటుందని నాగలత అనుకుంది. కానీ పాట తప్పు చెప్తుందా? ఊరి మొత్తానికి వరసలు చెప్పే పాట, ఈ ఒక్క ఇంటి దగ్గరే గుడ్డతో ఎందుకు విడిపోయింది? ఆ ప్రశ్న ఆమెను కుదురుగా ఉండనివ్వలేదు. అడుగుదామని భద్రయ్య వైపు చూస్తే, ఆయన తెర వైపు చూడడం మానేసి నేల చూస్తున్నాడు.

అప్పుడే నిర్మలాదేవి టీ గ్లాసులు కింద పెట్టి టీవీకి దగ్గరగా వచ్చింది. పెళ్ళికి ముందు నుంచీ జాకెట్లు కుట్టిన మనిషి ఆమె. కుట్టు కనపడితే కన్ను అక్కడికే పోతుంది.

"లతా, ఈ బొమ్మ కుట్టిన చెయ్యి వేరే. మిగతావన్నీ దగ్గర కుట్లు, ఇది చూడు, ఏటవాలుగా దూరం దూరంగా వేశారు. కింద ఇంకేదో ఉంది. ఇదిగో, అంచున ఎర్రగుడ్డ కనపడుతోంది."

నాగలత లేచి చూసింది. నిజమే. విల్లు మనిషి కాళ్ళ దగ్గర, మడత కింద నుంచి, వెలిసిన ఎరుపు సన్నని పోగులా బయటికి వచ్చి ఉంది. డీవీడీలో ఇది జన్మలో కనిపించేది కాదు. పడిగె ఎదురుగా కూర్చున్న ఊరివాళ్ళకూ కనిపించి ఉండదు. దుర్గ నాగలత చేయి వదిలేసి భద్రయ్య ముందు కూర్చుంది. ఇద్దరూ తమ భాషలో మాట్లాడుకున్నారు. ఆమె అడుగుతోంది, ఆయన తల అడ్డంగా ఊపుతున్నాడు. చివరికి ఆయన అందరికీ తెలిసేలా తెలుగులోకి వచ్చాడు.

"ఆ బొమ్మ మా తాత కుట్టిండు. మా నాయన సచ్చిపోయే ముందట నాకు చెప్పిండు. ఆ కుట్టు కింద ఒక ఆడమనిషి ఉన్నది" అన్నాడు.

మిగిలింది ముక్కలు ముక్కలుగా చెప్పుకొచ్చాడు. ఆమె దుర్గ వాళ్ళ ఇంటి ఆడపడుచు. విల్లు మనిషి ఒంటరిగా వచ్చిన పరాయివాడు కాదు, ఆమె కోసం ఇల్లరికం వచ్చినవాడు. ఏటికి అవతలున్న ఆమె ఇంటి పొలంలోనే కాపురం పెట్టారు గనక ఆమె బొమ్మ అక్కడ కుట్టారు. పుట్టిన పిల్లలు తల్లి ఇంటి లెక్కలోనే పడ్డారు. అంటే గణేష్ వాళ్ళ ఇల్లు మొలిచింది దుర్గ వాళ్ళ ఇంటి కొమ్మ మీదే, అన్నదమ్ములన్న పాట మాట అబద్ధం కాదు. ఒక ఇల్లు ఆడదాని పేరు మీద నిలబడడం తర్వాతివాళ్ళకు నామోషీ అయింది. ఆమె మీద మగబొమ్మ వేసి కుట్టేశారు, పాటలోంచి ఆమె పేరు తీసేశారు. అన్నదమ్ములన్న మాట మాత్రం తీయలేకపోయారు, తీస్తే మిగతా పాటంతా ఊడి వస్తుంది.

దుర్గ ఆ ఎర్రని అంచునే చూస్తోంది. ఆ కుట్టు కింది మనిషి పేరేంటని అడిగింది. విప్పిన పడిగె ముందు తప్ప ఆ పేరు నోట పలకకూడదని భద్రయ్య చెప్పాడు. గుడ్డ ఇక విప్పేది లేదు కాబట్టి, తనతోనే అది పోతుందని ఇన్నాళ్ళూ అనుకున్నాడట.

"పడిగె విప్పే ఉన్నది గద తాతా. నువ్వే పూలు పెట్టి మొక్కినవ్" అంది దుర్గ.

భద్రయ్య ఇప్పపూల వైపు చూశాడు, తెర వైపు చూశాడు. కాదనడానికి వీల్లేదు, నియమం ఆయనదే. నాగలత చేతిలో రిమోటు ఉంది. ఒక్క మీట నొక్కితే తెర నల్లబడుతుంది, పడిగె మూసినట్టే, దుర్గ పెళ్ళి నిలబడినట్టే. నొక్కాలని ఆమెకు ఎంతగానో అనిపించింది. నొక్కడానికి తానెవరన్నది తెలియక ఊరుకుంది.

"కొలుపుల ఇంత దగ్గర కొచ్చి ఎవ్వరూ సూడరు బిడ్డా" అన్నాడు భద్రయ్య. "ఏటికి అవతల ఉన్నడు అనుకుంటరు, నీ పెళ్ళి అయితది. పేరు చెప్పిన్నంటే ఆమె మళ్ళ పాటల కొస్తది. పాటల కొచ్చినాంక నేను దాచలేను, ఆ పిలగాడు నీకు అన్నయితడు. చెప్పకుంటే ఆమె ఆ కుట్టు కిందనే ఉంటది. ఏం జెయ్యమంటవో నువ్వే చెప్పు."

దుర్గ ఒడిలో ఫోన్ మోగింది. గణేష్. ఆమె దాన్ని మోగనిచ్చింది, అది మోగి మోగి ఆగిపోయేదాకా తెర మీది నుంచి కళ్ళు తిప్పలేదు. తర్వాత కొంగుతో ముఖం తుడుచుకుని, భద్రయ్యకు ఎదురుగా సర్దుకుని కూర్చుంది.

"పేరు చెప్పు తాతా" అంది.